నాలుగు తీగలు, వంద డాలర్ల పెట్టె

సినిమా పాటల మీద మనం చాలా రాసుకున్నాం. సాహిత్యం గురించి, రాగాల గురించి, గాయకుల గొంతుల గురించి ఏ సంచిక తిరగేసినా ఒక వ్యాసమైనా కనిపిస్తుంది. నలుగురు తెలుగువాళ్ళు భోజనాల దగ్గర చేరితే ఏ పాట ఏ రాగమో తేల్చుకోకుండా పెరుగన్నం దాకా వెళ్ళరు. అయితే ఆ పాట కింద మొదటి నుంచి చివరి దాకా చాప పరిచినట్టు ఉండే బేస్ గిటార్ గురించి తెలుగులో రాసింది నా కంటపడినంతలో చాలా తక్కువ. అది ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోరు. తీసేస్తే మాత్రం "ఏదో తగ్గిందండీ" అంటారు. ఏం తగ్గిందో చెప్పలేరు. కూరలో ఉప్పులాంటిది అందామంటే ఆ పోలిక అరిగిపోయింది. చారులో ఇంగువ అనుకుందాం.

నేను రాయబోయేది ఆ బేస్ గురించి, దానికి తగిలించే ఒక చవక మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ గురించి. సాహితీ సంఘం సంచికలో సామాను సమీక్ష ఏమిటని కొందరికి అనిపించవచ్చు. ఒక పుస్తకాన్ని విమర్శించేటప్పుడు ఏం అడుగుతాం? ఎవరి కోసం రాశారు, చెప్పదలచుకున్నది చెప్పగలిగారా, అలంకారాలు ఎక్కడ అడ్డుపడ్డాయి, ఎక్కడ పనికొచ్చాయి? ఈ పెట్టెనూ అవే అడగవచ్చు. పైగా ఇప్పుడు మన ఇళ్ళల్లో పిల్లలు వీణ, వయొలిన్‌తో పాటు స్కూల్ బ్యాండ్ పుణ్యమా అని బేస్ కూడా పట్టుకుంటున్నారు. "ఏ పెడల్ కొనమంటారు?" అని నన్ను అడిగేవాళ్ళు ఏడాదికి ముగ్గురు నలుగురైనా తగులుతున్నారు. అందరికీ ఫోన్లో చెప్పేదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు చెవుల సంగతి చూడాలి. 'అభినందన' (1988), 'గీతాంజలి' (1989) పాటలు మా తరం వాళ్ళకు నోటికి వచ్చు. ఇళయరాజా ప్రతి వాయిద్యానికీ స్వరలిపి రాసి చేతికిచ్చేవారు. బేస్ కూడా అంతే. ఆ కాలంలో ఆయన పాటలకు బేస్ వాయించినవారిలో ముఖ్యులు శశిధరన్. ఆ వరసలను విడిగా తీసి వాయించి చూస్తే అవి పాటకు తోడు నడిచే ఇంకో పాటలా ఉంటాయి. పల్లవి ఒక దారిన పోతుంటే బేస్ ఎదురొచ్చి పలకరించి పోతుంది. తర్వాత రహమాన్ పాటల్లో కీత్ పీటర్స్ వాయించిన బేస్ తీరు వేరు. ఎక్కువ స్వరాలుండవు, ఉన్న స్వరం మాత్రం నేల అదిరేట్టు నిలబడుతుంది. ఇద్దరినీ పక్కపక్కన పెట్టుకుని వింటే ఆ వాయిద్యానికి ఎంత ఆవరణ ఉందో తెలుస్తుంది.

మరి వీటిని మనం ఎక్కడ విన్నాం? ఒకే స్పీకరున్న టేపు రికార్డర్లో, బస్సులో, కిళ్ళీ కొట్టు రేడియోలో. బేస్ గిటార్ అన్నిటికన్నా లావు తీగ స్థాయి సెకనుకు దాదాపు 41 కంపనాలు. అరచేతి పాటి స్పీకరు ఆ స్థాయిని పలికించలేదు. అయినా ఆ స్వరం మనకు వినపడింది. ఎందుకంటే తీగ మీటినప్పుడు 41తో పాటు 82, 123, 164 అంటూ దాని గుణిజాలు కూడా పుడతాయి. స్పీకరు మొదటిదాన్ని మింగేసినా మిగతావి బయటికొస్తాయి. మెదడు వాటి మధ్య దూరం చూసి, "వీటి తండ్రి 41" అని తనంతట తానే లెక్క కట్టి ఆ స్వరాన్ని వినిపిస్తుంది. శబ్దశాస్త్రంలో దీన్ని లేని మూలస్వరం వినపడడం అంటారు. మన తరం బేస్‌ను విన్నది సగం చెవులతో, సగం ఊహతో. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఓవర్‌డ్రైవ్ దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఇక పెట్టె. పాత పద్ధతిలో ఒక్కో ఎఫెక్ట్‌కు ఒక్కో పెడల్ కొనాలి. కంప్రెసర్ ఒకటి, ఆక్టేవర్ ఒకటి, కోరస్ ఒకటి. ఒక్కోటి వంద డాలర్లు, పైన వాటిని కలిపే తీగలు, కరెంటు ఇచ్చే ఇంకో పెట్టె. నాలుగు కొనేసరికి ఇంటాయన బడ్జెట్ మీద ఇంటావిడ సభాసమావేశం పెడుతుంది. మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ అంటే ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌గా ఒకే డబ్బాలో ఉండడం. గిటార్ నుంచి వచ్చే సంకేతాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా మార్చి, ఆ అంకెల మీద కూడికలు, గుణకారాలు చేసి, మళ్ళీ శబ్దంగా పంపుతుంది. మా వృత్తిలో వాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. ఈ పని చెయ్యడానికి కొద్ది మిల్లీసెకన్లు పడుతుంది. అది వాయించేవాడికి అడ్డమా అని కొందరు బెంగపడతారు. గాలిలో శబ్దం మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లే పోతుంది. మీ యాంప్లిఫయర్‌కు ఒక మీటరు వెనక్కి నిలబడితే మూడు మిల్లీసెకన్లు అక్కడే పోయాయి. కాబట్టి ఆ బెంగ వదిలేయవచ్చు.

నా చేతిలో ఉన్నది జూమ్ బి1 ఫోర్. జూమ్ 1983లో టోక్యోలో మొదలైన కంపెనీ. 1990లలో 506 అనే చిన్న బేస్ పెడల్‌తో ఈ చవక రకానికి దారి వేసినవాళ్ళలో వాళ్ళొకరు. బి1 ఫోర్ 2019లో వచ్చింది. అప్పుడు దాని వెల వంద డాలర్లకు లోపే. కాలితో తొక్కి ఎక్కించి దించే పెడల్ ఉన్న రకం బి1ఎక్స్ ఫోర్, దానికి కొంచెం ఎక్కువ. అరవైకి పైగా ఎఫెక్ట్‌లు, ఒకేసారి అయిదింటిని వరసగా పేర్చుకునే వీలు, 50 మెమరీలు, శ్రుతి సరిచూసే ట్యూనర్, 68 తాళాల డ్రమ్స్, 30 సెకన్ల లూపర్, హెడ్‌ఫోన్లు, ఫోన్లోంచి పాట పంపడానికి ఒక రంధ్రం. నాలుగు మామూలు డబుల్ ఏ బ్యాటరీలతో 18 గంటల దాకా నడుస్తుందని తయారీదారు లెక్క. ఇదంతా చేతిసంచీలో పడుతుంది.

జాబితా చూస్తే నోరూరుతుంది. ఇక్కడే విమర్శకుడు కొంచెం ఆగాలి.

ఫ్యాక్టరీలో నింపి పంపిన ఆ 50 మెమరీలను ఒక్కొక్కటే వింటే ఇవి ఎవరి కోసమో అర్థమవుతుంది. దుకాణంలో నిలబడి అయిదు నిమిషాలు వాయించి చూసే కుర్రాడి కోసం. ప్రతి దాంట్లోనూ ఏదో ఒకటి మితిమీరి ఉంటుంది. ఒకదాంట్లో గోల, ఒకదాంట్లో ప్రతిధ్వని, ఇంకోదాంట్లో కప్ప అరిచినట్టు ఆటో వా. ఒంటరిగా వింటే భలేగా ఉంటాయి. పక్కన ఒక గొంతు, ఒక డోలక్ చేరగానే ఏదీ నిలవదు. తొలి కథ రాసే యువరచయిత తనకు తెలిసిన ఉపమానాలన్నీ మొదటి పేజీలోనే పెట్టినట్టుంటుంది. ఇది ఈ ఒక్క కంపెనీ లోపం కాదు, ఈ ధరలో దొరికే రకం మొత్తానికి ఉన్న జబ్బు. సాఫ్ట్‌వేర్‌లోనూ చూస్తాం. డెమోలో మెరిసేది ఒకటి, రోజూ వాడేది ఒకటి. అందుకని కొత్తగా కొన్నవాళ్ళకు నేను చెప్పే మొదటి మాట: ఒక ఖాళీ మెమరీ తెరిచి, అందులో అన్నీ తీసేసి, ఏమీ లేని బేస్‌ను ఒక వారం వినండి. ఆ తర్వాత ఒక్కొక్కటీ పెట్టండి.

మొదట పెట్టాల్సింది కంప్రెసర్. నా మటుకు ఈ పెట్టెకిచ్చిన డబ్బులో సగం దీనికే చెల్లు. వేళ్ళతో వాయించేటప్పుడు ఒక స్వరం గట్టిగా, ఒకటి మెత్తగా పడుతుంది. నేర్చుకునేవాళ్ళకు ఈ తేడా మరీ ఎక్కువ. కంప్రెసర్ ఒక గీత గీస్తుంది. ఆ గీత దాటి వచ్చిన శబ్దాన్ని ఒక నిష్పత్తిలో కుదిస్తుంది. నిష్పత్తి నాలుగుకు ఒకటి పెట్టారనుకోండి, గీతను 8 డెసిబెల్స్ దాటి వచ్చిన స్వరం 2 డెసిబెల్సే దాటినట్టు బయటికి వస్తుంది. గట్టివి తగ్గాయి కాబట్టి మొత్తాన్ని కొంచెం పెంచుకోవచ్చు. దాంతో మెత్తనివి పైకి లేస్తాయి. స్వరం తోక కూడా పొడుగవుతుంది. ఈ తోక మన సంగీతానికి చాలా అవసరం. ఒక మెట్టు మీద నుంచి పై మెట్టుకు వేలు జార్చి జారు పలికించాలంటే, వేలు అక్కడికి చేరే దాకా తీగలో ప్రాణం ఉండాలి. మామూలుగా సగం దారిలోనే శబ్దం సన్నబడిపోతుంది. కంప్రెసర్ ఉంటే పై స్వరం దాకా నిలుస్తుంది. మోహనలో గాంధారం నుంచి పంచమానికి ఒక జారు వాయించి, కంప్రెసర్ ఉంచి ఒకసారి, తీసి ఒకసారి వినండి. తేడా చెప్పడానికి ఈ వ్యాసం అక్కర్లేదు.

అయితే దీనిలోనూ మోతాదు ఉంది. అటాక్ అనే మీట స్వరం మొదలైన ఎంతసేపటికి కుదింపు అందుకోవాలో చెబుతుంది. దాన్ని మరీ త్వరగా పెడితే వేలు తీగను తాకే ఆ "టక్" కూడా నలిగిపోయి, బేస్ దిండు కొట్టినట్టు వినిపిస్తుంది. ఆ టక్‌లోనే లయ ఉంది. దాన్ని పోనిచ్చి, తర్వాత పట్టుకోవాలి. ఇంకో హెచ్చరిక తల్లిదండ్రులకు: నేర్చుకునే పిల్లలు సాధన చేసేటప్పుడు ఇది ఆపి ఉంచాలి. వేళ్ళ బలం సమం కాకముందే యంత్రం సమం చేసేస్తే వేళ్ళకు ఆ పని ఎప్పటికీ తెలియదు. నలుగురితో కలిసి వాయించేటప్పుడు మాత్రం పెట్టుకోనివ్వండి.

రెండోది ఈక్వలైజర్. మా ఊళ్ళో దసరాకు, ఉగాదికి ఒక చిన్న బృందం వాయిస్తుంది. కీబోర్డు, డోలక్, గిటార్, ఇద్దరు ముగ్గురు గాయకులు, బేస్‌తో నేను. హాలు ఒక హైస్కూలుది. అక్కడ నాకు తెలిసిందేమిటంటే డోలక్ ఎడమ వైపు, కీబోర్డు వాయించేవారి ఎడమ చెయ్యి, నా బేస్, ముగ్గురమూ ఒకే గదిలో కాపురముంటాం. ఎవరో ఒకరు సర్దుకోవాలి. బేస్ వినపడలేదని అడుగు శబ్దం ఇంకా పెంచితే హాలంతా మోత తప్ప స్వరం తెలియదు. నేను 100 హెర్ట్జ్ చుట్టుపక్కల కొంచెం తగ్గించి, 700, 800 దగ్గర కొంచెం పెంచుతాను. ఒంటరిగా వింటే అది గరుకుగా, ముక్కుతో పలికినట్టు ఉంటుంది. పాటలో కలిసినప్పుడు ఆ గరుకే స్వరాన్ని పోల్చుకోనిస్తుంది. ఇక కీబోర్డు ఎడమ చేతి సమస్యకు ఏ పెడల్‌లోనూ మందు లేదు. "అన్నగారూ, ఆ చేతికి ఈ పూట సెలవివ్వండి" అని బతిమాలుకోవాలి. మా అన్నగారు మంచివారు, ఇస్తారు.

ఇంట్లో తయారు చేసుకున్న శబ్దం వేదిక మీద ఎందుకు పాడవుతుందో కూడా ఇక్కడే చెప్పాలి. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు మనిషి చెవి తీరును కొలిచారు. శబ్దం మెల్లగా ఉన్నప్పుడు మన చెవికి మంద్రస్థాయి సరిగా ఆనదు. పెంచే కొద్దీ మంద్రం త్వరగా పుంజుకుంటుంది. రాత్రి పదింటికి పిల్లలు నిద్రపోయాక హెడ్‌ఫోన్లలో తక్కువ శబ్దంతో వింటూ "బేస్ చాలలేదు" అని పెంచుకుంటాం. అదే మెమరీ వేదిక మీద గట్టిగా మోగినప్పుడు బురద. అందుకే వేదికకు వేరే మెమరీ ఉండాలి, దాన్ని గట్టి శబ్దంతోనే సరిచేసుకోవాలి. పక్కింటివాళ్ళతో చెప్పి ఒక శనివారం మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవడం మంచిది.

ఓవర్‌డ్రైవ్ అంటే మనవాళ్ళు వెంటనే జుట్టు విరబోసుకున్న రాక్ కుర్రాళ్ళను తలుచుకుంటారు. కానీ కొద్దిగా వాడితే ఇది మన పాటకు చేసే ఉపకారం వేరు. ఓవర్‌డ్రైవ్ అలను గిల్లి, దానికి కొత్త గుణిజాలు పుట్టిస్తుంది. ఇందాక చెప్పిన టేపు రికార్డరు సంగతి గుర్తుందా? మన కార్యక్రమం వీడియో తీసి వాట్సాప్‌లో పెడితే ఇండియాలో అమ్మమ్మగారు ఫోన్లో చూస్తారు. ఫోన్ స్పీకరు రెండు మూడు వందల హెర్ట్జ్ కింద దాదాపు మూగది. శుభ్రమైన బేస్ అక్కడ మాయం. చిటికెడు ఓవర్‌డ్రైవ్ ఉంటే పై గుణిజాలు ఫోన్లోంచి వస్తాయి, ఆవిడ మెదడు కింది స్వరాన్ని పూరించుకుంటుంది. హాల్లో కూర్చున్నవాళ్ళకు అందులో ఓవర్‌డ్రైవ్ ఉన్నట్టే తెలియకూడదు. ఆ మాత్రం చాలు. ఎక్కువైతే అడుగు బలం పోయి పైన కందిరీగ మిగులుతుంది. శుభ్రమైన శబ్దాన్నీ గిల్లిన శబ్దాన్నీ కలిపే మీట ఉన్న ఎఫెక్ట్‌నే ఎంచుకోవాలి. పెడల్ కొనేముందు చూడాల్సిన విషయాల్లో నా లెక్కలో ఇది ముఖ్యమైనది. గిటార్ కోసం చేసిన చవక పెడల్‌ను "ఏదైతేనేం" అని బేస్‌కు తగిలించుకునేవారు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే.

ఆక్టేవర్ మనం వాయించిన స్వరానికి ఒక స్థాయి కింద ఇంకో స్వరాన్ని కలుపుతుంది. వినడానికి గంభీరంగా ఉంటుంది. కానీ దానికి భౌతికశాస్త్రం గీసిన హద్దుంది. స్వరమేదో పోల్చుకోవాలంటే కనీసం ఒక్క పూర్తి అల చూడాలి కదా. 41 హెర్ట్జ్ స్వరంలో ఒక అలకు 24 మిల్లీసెకన్లు పడుతుంది. అంతసేపు అది తడుముకుంటూనే ఉంటుంది. పైగా 41కి కింది స్థాయి 20.6. అది మనిషి చెవికి అంచు, ఇంట్లో ఉండే యాంప్లిఫయర్‌కు అందని పండు. డి తీగ ఖాళీగా మీటితే 73, దాని కిందిది 36. అక్కడి నుంచి పైన వాయిస్తే ఆక్టేవర్ బుద్ధిగా పనిచేస్తుంది. కింద వాయిస్తే తాగినవాడి నడక. 1982లో వచ్చిన బాస్ ఓసీ-2 నుంచి నేటి దాకా ఎంత మెరుగుపడినా ఈ లెక్క మారదు.

కోరస్ గురించి మా బృందంలో పాడే పిన్నిగారు చెప్పిందే నా అభిప్రాయం. ఒకసారి సాధనలో ఆవిడ పల్లవి మధ్యలో ఆపి, "బాబూ, నీ పెట్టెలో ఏదో ఊగుతోంది, నాకు శ్రుతి దొరకడం లేదు," అన్నారు. కోరస్ చేసే పనే అది. స్వరానికి ఒక నకలు తీసి, దాని శ్రుతిని కొంచెం పైకీ కిందికీ ఊపి అసలుదానితో కలుపుతుంది. తంబురా లేని చోట గాయకులు ఆనుకునేది బేస్ మీద. ఆనుకున్న గోడ ఊగితే ఎలా? కోరస్ ఆపేశాను. ఆవిడ మిగతా చరణాలు హాయిగా పాడారు. రెవెర్బ్ సంగతీ ఇంతే, హైస్కూలు హాలే కావలసినంత ప్రతిధ్వని ఉచితంగా ఇస్తుంది. ఆటో వా గురించి ఏమీ చెప్పను. అది పిల్లలకు ఒక ఆదివారం బాగా కాలక్షేపం.

డ్రమ్ తాళాల దగ్గర నాకు నిజమైన అసంతృప్తి ఉంది. 68 ఉన్నాయి, సాధనకు మెట్రోనోమ్ టిక్కుల కన్నా ఎంతో ప్రాణంగా ఉంటాయి. అయితే అవి రాక్, బ్లూస్, జాజ్ నడకలు. నాలుగు దెబ్బల లెక్కే ఎక్కువ. మన పాటల్లో ఎన్నో తిశ్ర నడకలో, ఆరు దెబ్బల ఊయల మీద నడుస్తాయి. డోలక్ పలికే ఆ లాగు, ఆ బరువు ఇందులో దొరకదు. ఖండ చాపు మాట అడగనే అక్కర్లేదు. దీనికి మందుగా నేను లూపర్ వాడతాను. తీగలను అరచేత్తో మూసి వాటి మీదే తాళం కొట్టి, దాన్ని తిప్పుతూ పైన వాయిస్తాను. 30 సెకన్లు ఎంతకు వస్తాయో లెక్క చూద్దాం. నిమిషానికి 90 దెబ్బల నడకలో నాలుగు దెబ్బల ఆవృత్తానికి 2.67 సెకన్లు, అంటే పదకొండు ఆవృత్తాలు. ఎనిమిది ఆవృత్తాల పల్లవికి సరిపోతుంది. నిమిషానికి 60 దెబ్బల ఆది తాళమైతే ఎనిమిది దెబ్బల ఆవర్తనాలు మూడు పడతాయి, కొంచెం మిగులుతుంది. పల్లవి, దాని వెనక వాద్య సంగీతం కలిపి పట్టాలంటే చాలదు.

మా అమ్మాయి ఈ పెట్టెను వాడే తీరు చూస్తే పై విమర్శలో సగం దానికి పట్టదనిపిస్తుంది. ఫోన్లోంచి పాట పంపి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని దాని మీద వాయిస్తుంది. అయిదు ఎఫెక్ట్‌లూ ఆపేసి ఉంటాయి. తెలుగు మాట్లాడుతుంది కానీ చదవలేదు. పాటలో సాహిత్యం దానికి సగమే తెలుసు. ఒకరోజు ఒక పాత ఇళయరాజా పాట వింటూ వచ్చి, "నాన్నా, ఇక్కడ బేస్ అసలు స్వరం మీద మొదలవ్వాలి కదా, మూడోదాని మీద ఎందుకుంది?" అని అడిగింది. ముప్పై ఏళ్ళుగా నేను వింటున్న పాట అది. చరణంలోకి దిగే చోట షడ్జం పలకాల్సిన బేస్ గాంధారం మీద నిలబడి, పాటను కిందికి వాలనివ్వకుండా పట్టుకుంది. మెట్టు దిగబోయేవాణ్ణి చెయ్యి పట్టుకుని ఆపినట్టు. సాహిత్యం తెలిసిన నాకు ఆ చరణం మాటలు కంఠస్థం. దానికి ఆ ఒక్క స్వరం వినపడింది. అప్పటి నుంచి మా ఇంట్లో పాటల గురించి మాట్లాడుకునే భాష కొంచెం మారింది. అది "నాన్నా, రెండో చరణం కింద వినండి" అంటుంది, నేను "ముందు పైన మాటలు విను" అని అర్థం చెబుతాను.

కరోకే ట్రాకులతో పోల్చి ఈ ప్రయాసంతా ఎందుకని అడిగే మిత్రులున్నారు. ట్రాకు ఖర్చు లేనిది, తప్పులు లేనిది. నిజమే. మన కార్యక్రమాల్లో ఎన్నో చోట్ల ఇప్పుడు అదే నడుస్తోంది. నాకు దానితో ఉన్న పేచీ ఒక్కటే. గాయకుడు ఒక సంగతిని ఇంకోసారి వెయ్యాలనుకుంటే ట్రాకు ఆగదు. శ్రుతి అరమెట్టు దించమంటే కొన్ని ట్రాకులు దిగుతాయి, దిగినప్పుడు గొంతు పట్టేసినట్టుంటాయి. పక్కన మనిషి ఉంటే పిన్నిగారు కళ్ళతో సైగ చేస్తారు, డోలక్ ఇంకో ఆవర్తనం తిప్పుతుంది, బేస్ అక్కడే కాసేపు కాచుకుంటుంది. నలుగురు ఉద్యోగస్థులు శనివారాలు కలిసి అంత చెయ్యగలుగుతున్నారంటే సామాను చవకవడం దానికి కొంత కారణం.

కొనేవాళ్ళకు చివరిగా కొన్ని సంగతులు. ఈ పెట్టెకు పెద్ద హాళ్ళలో మిక్సర్‌కు నేరుగా పోయే ఎక్స్ఎల్ఆర్ రంధ్రం లేదు. మామూలు గిటార్ తీగ యాభై అడుగులు లాగితే దారిలో గుయ్యిమనే రొదను పోగుచేసుకుని వస్తుంది. కాబట్టి మధ్యలో ఒక డీఐ బాక్స్ ఉండాలి. సౌండ్ చూసేవారి దగ్గర ఉంటుందని నమ్ముకోకుండా మీదొకటి సంచీలో వేసుకోండి. దీని యూఎస్‌బీ కరెంటుకూ, సాఫ్ట్‌వేర్ మార్పులకే. కంప్యూటర్‌లోకి రికార్డు చెయ్యదు. అది కావాలంటే 2017లో వచ్చిన బాస్ జీటీ-1బి లాంటిది చూసుకోవాలి. వెల రెండింతలకు పైన. ఇంట్లో పిల్లలు కంప్యూటర్‌లో పాటలు కూర్చే రకమైతే ఆ తేడా పెట్టవచ్చు, లేకపోతే ఆ డబ్బుతో మంచి తీగలు, మంచి హెడ్‌ఫోన్లు కొనవచ్చు. పాతవి కొన్నా ఫరవాలేదు. కాలి స్విచ్చులు రెండూ నాలుగైదుసార్లు తొక్కి చూసి, తీగ గుచ్చే రంధ్రాలు వదులుగా ఉన్నాయేమో కదిపి చూడండి.

అడాప్టర్ బి1 ఫోర్‌తో పాటు రాదు, విడిగా కొనాలి. 9 వోల్టులది, మధ్య సూది నెగటివ్‌గా ఉన్నది కావాలి. ఇంట్లో పడున్న రూటర్ అడాప్టర్ సైజు సరిపోయింది కదా అని గుచ్చకండి, వాటిలో చాలావాటికి మధ్య సూది పాజిటివ్. కార్యక్రమం రోజున మాత్రం కొత్త బ్యాటరీలు వేసుకుని వెళ్ళండి. వేదిక మీద మీకు ప్లగ్ దొరికేలోగా ఎలాగూ దాన్ని దీపాలంకరణ వాళ్ళు తీసేసుకుంటారు.